చాలనడం రాని అల్లుడు

చెనిక్కాయలు ఒలస్తా ఇనండి. ఓబులేసని ఒకడుండె. యాడోడంటే బండమీదపల్లోడు. ఇప్పుడా పల్లె లేదులే, పేరు మాత్రం ఉండాది. ఎగువన, రాతిగుట్టల నడాన, నలభై ఇండ్ల పల్లె. పల్లెకంతా ఒగటే బాయి. ఎంత లోతంటే, బొక్కెన ఇడిసినాక అది నీల్లకు తగిలిన సప్పుడు పైకి ఇనపడేలోపల ఒక వక్కాకు నమిలి ఉమ్మెయ్యచ్చంట. చేంతాడు లాగి లాగి ఆ పల్లె ఆడోల్ల అరిచేతులు చెప్పుల మాదిరి మొద్దుబారి ఉంటాండె. అట్లాంటి సోట నీల్లంటే యెట్ల చూస్తారో మీకు నేను చెప్పబల్లేదు. ఎవురన్నా చెంబుడు నీల్లు నీ చేతికిచ్చినారనుకో, అడుగంటా తాగాల్సిందే. సగం తాగి పెట్టకూడదు, కింద ఒంపకూడదు. యాలంటే ఆ నీల్లు చేదిన చెయ్యొకటి ఉంటాది గదా, ఆ చేతికి నొప్పి ఉంటాది గదా, నువ్వు సగం ఇడిసిపెడితే ఆ నొప్పిని తీసి వీధిలో పారేసినట్ల. ఓబులేసును వాల్లమ్మ లింగమ్మ అట్లనే పెంచింది. వాడికి వద్దు అనే మాట రాక కాదు. ఇంగొక ముద్ద సంగటి పెడతాంటే వద్దంటాడు. నీల్లకాడ మాత్రం ఆ మాట వాని నోట్లో పుట్టలేదు. యెట్ల పుడతాది, వాని జన్మలో రెండో చెంబు ఇచ్చినోల్లు ఎవురూ లేరు.

ఏమైందంటే, ఒక తూరి వరసగా మూడేండ్లు వాన మొగం చూల్లేదంట ఆ పల్లె. బాయిలో నీల్లు పోయి బురద, బురద పోయి ఇసక. ఓబులేసుకు ముప్పై గొర్రెలుండె. ఒగదాని ఎనకాల ఒగటి పోయినాయి. ఆ ఏడే వాల్లమ్మ గూడా పోయింది. దప్పికతో కాదులే, జరమొచ్చి పోయింది. కానీ పొయ్యే ముందర నీల్లడిగింది. వీడు బాయికాడికి ఉరికి, చేంతాడు ఇడిసి, ఇసకలో ఊరిన సగం చెంబు నీల్లు తెచ్చేలోపల ఆయమ్మ కండ్లు మూసింది. ఆ సగం చెంబు నీల్లు ఏం చెయ్యాలో తెలీక వాడే తాగినాడంట. పారబొయ్యలేడు గదా. ఏడస్తా ఏడస్తా తాగినాడు. ఆ కరువులోనే దిగువనుంచి ఒకాయప్ప వచ్చినాడు, పేరు చెంచయ్య. ఏటిగట్టుపాళెం ఆయన్ది. కాడెద్దులు తోలుకపోదామని వచ్చి, గుట్టల్లో దోవ తప్పి, కాలు మెలకపడి కూలబడింటే, ఓబులేసు ఆయప్పను వీపు మీద ఎక్కిచ్చుకొని పల్లెకు తెచ్చి, పది దినాలు పసరు కట్టి నయం చేసినాడు. ఏమన్నా అడుగు అబ్బీ అంటే ఏమీ అడగలేదు. చెంచయ్య ఆలోచన చేసినాడు. ఒగటే కూతురు, ఆడ వరిమడి ఉండాది, చూసుకునేదానికి మగపిల్లోడు లేడు, ఇట్లాంటోడు నా ఇంట్లో ఉంటే నా బిడ్డ సుఖపడతాది అనుకున్యాడు. ఇల్లరికం వస్తావా అన్న్యాడు. ఓబులేసు ఇల్లంతా ఒక చూపు చూసినాడు. ఎవురున్న్యారు ఆడ? ఎవురూ లేరు. వస్తా మామా అని కంబడి భుజాన ఏసుకొని బయలెల్లినాడు.

మూడు దినాలు నడిసి, నాలుగో దినం పొద్దెక్కే యాళకు ఏటిగట్టు ఎక్కినారంట. ఎక్కి చూస్తే ఏముండాది? నీల్లు. కంటికి ఆనినంత దూరం నీల్లే. పైన ఎండ పడి మెరస్తా, సప్పుడు లేకుండా పోతాండాయి. ఓబులేసు ఆడనే నిలబడిపోయినాడు. ఎంతసేపటికీ కదల్లేదు. కదలకుండానే, ఇది ఎవురిది మామా అన్న్యాడంట. చెంచయ్యకు నవ్వొచ్చింది. ఎవురిదీ కాదబ్బీ, దాని పాటికది పోతాంటాది అన్న్యాడు. మనం నిద్రపోయినప్పుడు గూడా పోతాదా అన్న్యాడు వీడు. అప్పుడు గూడా పోతాది అన్న్యాడు ఆయప్ప. ఎవురూ చూడకుండా, ఎవురూ చేదకుండా, అన్ని నీల్లు ఊరికే పోతాండాయంటే వాని మనసుకు పట్టలేదు. పెండ్లి పీటల మీద కూచున్యాడు గానీ, చెవులు ఏటి మీదనే ఉండె. పెండ్లికూతురు పెంచలమ్మ తలొంచుకొని ఓరకంట చూస్తే, ఈయప్ప యాడో ఉండాడు. సరేలే కొత్త గదా, ఊరు మారినాడు గదా అనుకుంది ఆయమ్మి.

ఇంగ ఆ ఊల్లో ఒక పద్ధతుండాది. కొత్తల్లుడొస్తే ఇంటింటికీ పిలుస్తారు. గడప తొక్కంగనే ఇత్తడి చెంబుతో నీల్లిస్తారు. ఆ చెంబు అందుకొని, పెదిమలు తడిపినట్ల తడిపి, పక్కన పెట్టాల. మిగిలిండేవి దొడ్లో గుమ్మడి పాదుకు పోస్తారు. ఆ ఊరోల్లకు ఇది ఎవురూ చెప్పబల్లేదు, పుట్టినప్పటినుంచి తెలుసు. వీనికి చెప్పాల గదా అని ఎవురికీ తోచలేదు, అంతే. మొదటి దినం ఆరిండ్లకు పిలిసినారు. వీడు ఆరు చెంబులూ అడుగంటా తాగి, ఒక్క చుక్క మిగల్లేదు తల్లీ చూడు అన్నట్ల చెంబు బోర్లించి చూపిచ్చినాడంట. ఆడోల్లు మొగాలు మొగాలు చూసుకున్యారు. ఎగతాలి అనుకునేరు, ఎగతాలి కాదు. వాల్లకు సంతోషమైంది. చెంచయ్య అల్లుడు మన ఇంటి నీల్లను ఎంత గౌరవంగా తాగినాడో చూడండి అని ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. రెండో దినం పిలిసినోల్లు చిన్న చెంబులు లోపల పెట్టి పెద్ద చెంబులు తీసినారు. ఒకామె వట్టివేరు ఏసిన నీల్లు, ఇంగొకామె కొత్త కుండలో సల్లబెట్టిన నీల్లు. మా బాయి నీల్లు తియ్యగుంటాయి తాగు నాయనా అని ఒకరు, మాది నడి ఏట్లోనుంచి ముంచక తెచ్చిందని ఒకరు. వీడు అన్నీ తాగె. ప్రతి చెంబు వెనకాలా వానికొక చెయ్యి కనపడతాది, ఆ చేతికొక నొప్పి కనపడతాది. యెట్ల కాదంటాడు? చెంచయ్య పక్కనే నిలబడి మీసం దువ్వుతాండె. మా అల్లుడు అట్లనే, ఎవురి మాటా తీసెయ్యడు అంటాండె.

నాలుగో దినమో ఐదో దినమో, మద్యాన్నం బువ్వ తిని పందిరి కింద పడుకున్యాడు ఓబులేసు. పందిరి మీద సొరతీగ. ఆకుల సందుల్లోనుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడతాండె. తల బరువుగా ఉండాది, కడుపు తిత్తి మాదిరి కదలతాండాది. చూస్తా చూస్తా ఉంటే ఆ ఎండ చుక్కలు కదిలినాయంట. నీల్లల్లో కదిలినట్ల. పందిరి లేదు, సొరతీగ లేదు. చూస్తే బండమీదపల్లె పొలిమేర. కానీ ఎట్లాంటి పల్లె అనుకున్యారు? పల్లెంతా నీల్లల్లో ఉండాది. మునిగిపోవడం కాదు, నీల్లే గాలి మాదిరి ఉండాది. గుట్టల మీదనుంచి నీలంగా దిగతాండాది. వాని గొర్రెలు ముప్పైకి ముప్పై ఆ నీల్లల్లో అట్లట్ల తేలతా, ఉన్ని ఊగతాంటే, కాల్లు కిందికి ఆనకుండానే మేస్తాండాయి. ఒక గొర్రె తల తిప్పి వీన్ని చూసింది. గుర్తుపట్టింది. ఓబులేసుకు ఎంత సంతోషమైందంటే, గట్టిగా పిలిస్తే యాడ చెదిరిపోతాయో అని గుసగుసగా పిలిసినాడంట. అంతలో పక్కింటామె పందిరి కాడికి వచ్చి, అల్లుడు గారూ, ఈ పొద్దు మా వంతు అని చెంబు చేతికిచ్చె. వాడు లేసి కూచోని తాగినాడు. ఈ తూరి మర్యాదకే కాదు. తాగితే మల్ల ఆడికి పోవచ్చునేమో అని తాగినాడు. ఆడ మొదలైంది చూడండి అసలు కత.

మరునాడు పోయినాడు, పొలిమేర దాటి వీధిలోకి వచ్చినాడు. ఆ మరునాడు ఇంగా ముందుకు పోయినాడు. ఇండ్ల తలుపుల్లోనుంచి చేపలు వస్తాండాయి, పోతాండాయి, ఎవురింట్లో ఏం వండుతాండారో చూసి వచ్చినట్ల. చచ్చిపోయినోల్లు, ఊరిడిసి పోయినోల్లు అందరూ అరుగుల మీద కూచోని ఉండారు, కాల్లు నీల్లల్లో ఆడిస్తా. ఎవురి అరిచేతులూ మొద్దుబారి లేవు. ఓబులేసూ, యెప్పుడొచ్చినావురా అంటాండారు. ఇంగ వీడు ఎవురూ పిలవకపోయినా తానే పోయి కడవ కాడ కూచునేటోడు. చెంబు మీద చెంబు. ఇట్ల ఊల్లో తిరగతా ఉన్నప్పుడు గూడా మొగం మీద ఒక నవ్వు. ఎవురన్నా మాట్లాడితే, ఆ మాట దూరంనుంచి నీల్లల్లో వచ్చినట్ల వచ్చి, వానికి చేరేసరికి సగం కరిగిపోయేదంట.

పెంచలమ్మ చూస్తానే ఉండాది. ఆయమ్మి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ కండ్లు మంచివి. పెండ్లినాడు ఆయన ముంజేతికి వెండి కడియం ఉండె, చెయ్యి దించితే అరిచేతికి జారేది, అంత వదులు. ఇప్పుడది కండలో దిగబడి చుట్టూ తోలు ఉబ్బింది. ఒక దినం కూరలో ఉప్పు మరిసిపోయింది ఆయమ్మి, తానే ఒక ముద్ద తిని మొగం చిట్లించింది. ఆయన మాత్రం తట్టంతా తిని, బాగుండాది అన్న్యాడు. తల నొస్తాందా అంటే, తలలో ఎవురో నిండుకడవ పెట్టుకొని నడస్తాండారు, వాల్లు అడుగేసినప్పుడంతా తొలకతాండాది అన్న్యాడు. ఒక పొద్దున మొగం కడుక్కునేదానికి లేపితే, సరేమ్మా అన్న్యాడంట. అమ్మా అని! భార్యను పట్టుకొని. ఆయమ్మి ఇంగ ఆడ నిలబడలేదు. పోయి నాయనకు చెప్పింది. ఈయన ఒళ్లు బాగలేదు నాయనా, ఆ నీల్లు మానిపించు అని. చెంచయ్య నవ్వి తీసిపారేసినాడు. నీల్లు తాగితే ఎవురికన్నా ఏమన్నా అయితాదామ్మా, వాడేమన్నా సారాయి తాగతాండాడా, కరువులో పుట్టినోడు, పుట్టినప్పటి దప్పికంతా తీర్చుకుంటాండాడు, తీర్చుకోనీ అన్న్యాడు. ఆ మాటకు ఎవురేం చెప్తారు? మీరైనా అదే అనుకుంటారు, నేనైనా అదే అనుకుంటా. నీల్లల్లో తప్పు ఎట్ల పడతాం?

ఆ సాయంత్రం పెంచలమ్మ ఆయన పక్కన కూచోని అడిగింది, ఎందుకు తాగతాండావు అని. ఇచ్చినారు గదా అన్న్యాడు. వద్దను అంది ఆయమ్మి. వద్దంటే ఆ చేదిన చెయ్యి నొచ్చుకోదా అన్న్యాడు. ఆయమ్మికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఈడ చేదేది ఏముండాది, కడవ ఏట్లో ముంచితే అదే నిండుతాది, ఎవురి చెయ్యీ నొయ్యదు అని చెప్పింది. ఆయన నమ్మలేదు. నీల్లు నొప్పి లేకుండా వస్తాయంటే యెట్ల నమ్ముతాడు పాపం. ఆయమ్మి మల్ల కొంచెం మెల్లగా, నిజం చెప్పు, దానికోసరమేనా తాగేది అంది. అప్పుడు చెప్పినాడు.

"తాగితే మా ఊరు కనపడతాది. నిన్న మా వీధి చివరికంటా పోయినా. ఇంగ నాలుగు అడుగులేస్తే బాయి. మాయమ్మ ఆడ ఉంటాది."

పెంచలమ్మ ఆయన మొగమే చూసింది. పక్కనే ఉండాడు, చెయ్యి చాపితే తగలతాడు, కానీ దినానికి ఇన్ని అడుగులని లెక్కగా నా దెగ్గిరినుంచి ఎల్లిపోతాండాడు అనుకుంది. పెండ్లై పది దినాలు గాలేదు. ఆయన గురించి ఆయమ్మికి తెలిసింది ఏముంది? వీపు మీద నాయన్ను మోసుకొచ్చినాడని తెలుసు. ఇచ్చింది కాదనడని తెలుసు. ఆయన గొంతు బాగుంటాదని తెలుసు. అంతమాత్రానికే ఆ దినం ఆయమ్మి తట్ట ముందర పెట్టుకొని, తినకుండానే లేసిందంట.

మరునాడు చెంచయ్య మడిలో నాట్లు. ఊరు ఊరంతా వచ్చింది. ఎండ సుర్రుమంటాండాది. పెంచలమ్మ ఆడోల్లతో పాటు మోకాటి లోతు బురదలో నాటతాండాది. ఆయమ్మి అవ్వ అంకమ్మ, ఎనబై ఏండ్ల ముసిలామె, గట్టు మీద గొడుగేసుకొని సద్దిమూటలకు కాపలా కూచోనుండాది. మద్యాన్నం పని ఆపి అందరూ గట్టెక్కినారు. ఎవురో అన్న్యారు, ఏమప్పా, చెంచయ్య అల్లుడు ఎన్ని చెంబులు తాగతాడో మేము చూడనే లేదే అని. ఇంగ చూస్కో, ఒకరి ఎనకాల ఒకరు చెంబులు పట్టుకొని వరసగా నిలబడిరి. ఓబులేసు గట్టు మీద కూచోని అందరినీ చూసి నవ్వె. ఒగటి తాగె. రెండు తాగె. జనం ఎంచుతాండారు. ఐదు, ఆరు. ఏడో చెంబూ తాగె. ఎనిమిదో చెంబు ఇచ్చినామెను, నువ్వెవురమ్మా అని అడిగినాడు, పొద్దున ఆమె ఇంట్లోనే మజ్జిగ తాగినోడు. తొమ్మిది. పది. పదకొండో చెంబు సగానికి వచ్చేసరికి, తాగిన నీల్లు తాగినట్లే, తేటగా, బుడబుడమని నోట్లోనుంచి ఎల్లినాయి. కండ్లు పైకి పోయినాయి. చెట్టు పడినట్ల పక్కకు పడి, కాల్లూ చేతులూ కొట్టుకున్యాడు. నవ్వులన్నీ ఆగిపోయినాయి. చెంచయ్య, అయ్యో నా అల్లుడా, ఎండదెబ్బ తగిలిందిరా, నీల్లు పట్టండి, నీల్లు అన్న్యాడు. ఇంగ అందరూ నీల్లకు ఉరికినారు. చూడండి ఎట్లుండాదో! నీల్లతో పొయ్యేటోని నోట్లో నీల్లు పొయ్యాలని ఊరంతా పోటీ. చెంచయ్య అల్లుని తల ఒల్లో పెట్టుకొని, దవడ పట్టి, చెంబు పెదిమల కాడికి తెచ్చినాడు.

పెంచలమ్మ బురదలోనుంచి ఉరికొచ్చి ఆ చెంబును ఒక్క తన్ను తన్నిందంట. నాయన చేతిలో చెంబు. అది ఎగిరి మళ్లో పడె. ఆ ఊల్లో ఆడబిడ్డ నాయనకు ఎదురు మాట్లాడిందే లేదు, కాలెత్తడం యాడిది. జనమంతా రాయై పోయినారు.

"ఇంగొక్క చుక్క ఈయన నోట్లో పోస్తే, ముందు నన్ను ఏట్లో ముంచి అప్పుడు పొయ్యండి" అంది.

అని, మోకాల్ల మీద కూచోని, ఆయన మొగం రెండు చేతుల్లో పట్టుకుంది. లేయి అంది, ఇట్ల చూడు అంది. పలకలేదు. ఇదో, ఇదో అని పిలిసింది. దేనికీ పలకలేదు. అప్పుడు ఊరంతా ఇనేటట్ల, మొగుని పేరెట్టి పిలిసింది. ఓబులేసూ అని. ఒక తూరి కాదు. ఓబులేసూ, ఓబులేసూ, ఓబులేసూ. ఆడోల్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్యారు. ముసిలామె అంకమ్మ మాత్రం అవేమీ పట్టిచ్చుకోలేదు. మెల్లగా పాక్కుంటా వచ్చి, ఆయప్ప నుదిటి మీద చెమట ఏలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. సప్పగుండాది అంది. ముసిలామె పుట్టింది సముద్రం ఒడ్డున, ఉప్పుమళ్ల కాడ, ఉప్పు సంగతి ఆమెకు తెలిసినట్ల ఇంగెవురికి తెలుస్తాది. మనిషిలో ఉప్పుంటాదే, చెమటలో ఉంటాది, కన్నీల్లల్లో ఉంటాది, ఈయప్పకు అదంతా కడుక్కపోయింది, అది లేకుండా మనిషి నిలబడడు అని చెప్పి, సద్దిమూటలోనుంచి కల్లుప్పు తీసి నలిపి ఆయప్ప చిగుల్లకు రుద్దింది. దవడ కొంచెం వదులైనాక, దబ్బకాయ ఊరగాయ ఊట ఏలితో అద్ది నాలికకు రాసింది. మల్ల రాసింది. మల్ల రాసింది.

ఆ యాళకు ఓబులేసు యాడున్న్యాడు? బండమీదపల్లెలో ఉండాడు. వీధి దాటినాడు, బాయికాడికి వచ్చినాడు. బాయి ఒడ్డుకంటా నిండి ఉండాది. చేంతాడు లేదు, బొక్కెన లేదు. వాల్లమ్మ ఒడ్డున కూచోని, చెయ్యి అట్ల వంచి నీల్లల్లో ఆడిస్తాండాది, చంటిపిల్లను జోకొట్టినట్ల. జుట్టు నల్లగుండాది. రా నాయనా అంది. నీలం నీల్లు నెమ్మదిగా కదలతాండాయి. గొర్రెలు వాని చుట్టూ వచ్చి పడుకున్యాయి. వాల్లమ్మ చెంబు ముంచి చేతికిచ్చింది. ఇది తాగితే ఇంగ ఈడనే ఉండిపోవచ్చు అని వానికి ఎవురూ చెప్పకుండానే తెలిసింది. తాగతాండాడు. సగం తాగినాడు. అంతలో పైనుంచి, చానా పైనుంచి, ఎవురో పిలస్తాండారు. మొదట అది మాట మాదిరి లేదు, నీల్లపైన వాన పడినట్ల ఉండె. మల్ల తన పేరు అని తెలిసింది. ఆ గొంతు తన పేరు చెప్పంగ వాడు ఎప్పుడూ ఇనలేదు. నాలిక మీద యాడిదో ఉప్పన తగిలింది. పులుపు తగిలింది. వాల్లమ్మ గూడా తలెత్తి ఇనింది. ఎవురో నీకోసరం చానా కష్టపడి పిలస్తాండారు నాయనా అంది. ఓబులేసు చేతిలో చెంబును చూసుకున్యాడు. సగం నీల్లు. వాల్లమ్మ ఇచ్చిన నీల్లు. పుట్టినప్పటినుంచి రాని మాట అప్పుడొచ్చిందంట.

"చాలమ్మా."

చెంబు బాయి ఒడ్డున పెట్టినాడు. వాల్లమ్మ నొచ్చుకోలేదు. ఆ చెంబును తన పక్కకు లాక్కొని పెట్టుకుంది, అంతే. వాడు కండ్లు తెరిస్తే, మొగం మీదికి వంగి పెంచలమ్మ. చెంపల నిండా బురద, బురద మీద కన్నీల్లు కాలవలు కట్టి ఉండాయి. నా పేరు నీకు తెలుసునా అన్న్యాడంట మొట్టమొదట.

మల్ల ఏమైందంటే, ఆడబిడ్డలు ఇనకండి కొంచేపు, ఆ పొద్దు గూకేదాకా ఓబులేసు గట్టు కిందికీ పైకీ తిరగడమే పని. ఇద్దరు మగోల్లు రెక్కలు పట్టుకొని తీసకపొయ్యేది, తీసకొచ్చేది. తాగిన ఏరంతా తిరిగి ఏటికే పోయిందని ఆ ఊల్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. అంకమ్మ అవ్వ మూడు దినాలు నీల్లు ముట్టనీలేదు. ఉప్పేసిన గంజి మాత్రం టెంకాయ చిప్పతో కొలిసి కొంచెం కొంచెం పోసింది. రెండో దినం వానికి దప్పిక తెలిసింది. కడియం మల్ల జారింది. మూడో దినం గంజి తాగి, ఉప్పు ఎక్కువైంది అవ్వా అన్న్యాడు. ముసిలామె చేతులెత్తి సముద్రం దిక్కుకు ఒక దండం పెట్టింది.

ఒంటికి బాగైంది గానీ, వాడు దిగులుపడినాడు. పందిరి కింద పడుకుంటే సొరతీగ సొరతీగ మాదిరే ఉండాది, ఎండ చుక్కలు ఎండ చుక్కల మాదిరే ఉండాయి. బండమీదపల్లె రాలేదు. గొర్రెలు రాలేదు. గోడ దిక్కు తిరిగి ఏడిసినాడంట. పెంచలమ్మ చూసింది. ఊరకే ఉండు అనలేదు. పక్కన చాప ఏసుకొని కూచోని, మీ ఊరు ఎట్లుంటాదో నాకు చెప్పు అంది. ఏముండాది చెప్పేదానికి, రాల్లు అన్న్యాడు. ఆ రాల్లే చెప్పు అంది. మొదటి దినం పొలిమేర చెప్పినాడు. రెండో దినం వీధిలో మొదటి ఇల్లు, ఆ ఇంట్లోల్లు, వాల్ల కుక్క. ఆయమ్మి మధ్య మధ్యలో అడుగుతాండె, ఆ తలుపు ఏ దిక్కుకు ఉంటాది, ఆ కుక్క ఏ రంగు అని. మూడో దినం తప్పు చెప్పితే, కాదు, నిన్న ఎర్రది అంటివి అని దిద్దింది. నలభై ఇండ్ల పల్లె గదా, నలభై దినాలు పట్టిందంట. ఆఖరున బాయి గురించి చెప్పినాడు. అప్పటికి ఆయమ్మి కండ్లు మూసుకొని ఆ వీధిలో నడిసి పోగలదు.

ఇంగ చెంచయ్య సంగతి. ఆయప్ప కొన్ని దినాలు కూతురి మొగం చూల్లేదు, సిగ్గుతో. ఊల్లో వాల్ల సంగతి ఏం చెప్పేది, అయ్యో మేమే పోగొట్టుకునేటోల్లమే అని అందరూ ఏడిసినారు, ఏడిసిన రెండు దినాలకే, ఇంగా వంతు రాని ఏడిండ్లోల్లు మాత్రం, మా ఇంటి నీల్లు తాగకుండానే ఈయప్ప మానేసె గదా అని మొగం ముడుసుకున్యారు. మనుషులు అంతే. ఓబులేసుకేమో చాలు అనే మాట కలలో వచ్చింది గానీ, మెలకువలో రాదు. పెంచలమ్మ నేర్పిచ్చింది. చెంబు అందుకో, పెదిమలకు తగిలిచ్చు, చాలు అను, పెట్టెయ్యి. వాడు కొట్టంలోకి పోయి బర్రెగొడ్డుతో చెప్పి చూసుకునేటోడంట. బర్రె కుడితి తాగతా తల ఎత్తి చూస్తే, చాలు అనేటోడు. అట్ల పదైదు దినాలు సాధన చేసినాక, ఒక పొద్దున మామే చెంబు తెచ్చి ఇస్తే, ఒక గుక్క తాగి, తల వంచుకొని, చాలు మామా అన్న్యాడు. చెంచయ్య ఆ చెంబు తీసుకొని దొడ్లోకి పోయి, పారబొయ్యలేక, తానే తాగినాడంట.

అంతే కత. మొగుని పేరు నోటితో చెప్తే మొగునికి ఆయుస్సు తగ్గుతాదని మీ అమ్మలు మీకు చెప్పింటారు, మాయమ్మ గూడా నాకు చెప్పింది. ఓబులేసు తొంబై ఏండ్లు బతికినాడు, పెంచలమ్మ దినానికి పది మార్లు పేరెట్టి పిలస్తానే ఉండె. దాన్నిబట్టి ఏమనుకుంటారో మీ ఇష్టం, నేనేమీ అనను, నా మొగుడు ఈడనే కూచోని ఇంటాండాడు. ఇంగొక మాట. మన సీమలో నీల్లు లేక పోయినోల్లను ఎంచాలంటే ఈ పొద్దు చాలదు. నీల్లు ఎక్కువై పోబోయినోడు మాత్రం వీడొక్కడే, అదీ ఆశకు కాదు, మర్యాదకు. లేయండి ఇంగ, ఎవురో నవ్వు ఆపుకోలేక ఊపిరాడక సస్తాండారు ఆ మూల, చెనిక్కాయలు ఒలిసినవి ఒలిసినట్లే ఉండాయి.